చిన్న వయసు పిల్లికి గుండె జబ్బా? ఏ మందు ఏం చేస్తుందంటే

రెండేళ్ల పిల్లి, ఇల్లంతా గంతులేస్తుంటుంది. స్కాన్ తీస్తే గుండె గోడ మందంగా ఉందంటారు. పేరు హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. పిల్లుల్లో ఎక్కువగా వచ్చే గుండె జబ్బు ఇదే.

మరి మందులు? అటెనొలాల్ గుండె వేగం తగ్గిస్తుంది, కానీ ఆయుష్షు పెంచుతుందని రుజువు లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఫ్యూరోసెమైడ్ తప్పదు.

నా లెక్కలో అసలు హీరో క్లోపిడోగ్రెల్. గుండె ఎడమ పైగది సాగిపోతే అందులో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ వెళ్లి వెనక కాళ్ల రక్తనాళంలో ఇరుక్కుంటే, పొద్దున దూకిన పిల్లి సాయంత్రానికి కాళ్లీడుస్తుంది. అలా ఒకసారి జరిగి బతికిన పిల్లుల మీద 2015లో ఒక స్టడీ వచ్చింది. సగం పిల్లులకు గడ్డ తిరగబెట్టడానికి ఆస్పిరిన్‌తో 192 రోజులు పడితే, దీంతో 443 రోజులు. వెట్ రాసిస్తే మామూలుగా మనుషులు వాడే 75 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క, రోజుకోసారి. భలే చేదు! అందుకే ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి వేస్తారు.

వీటిలో ఏదీ గోడ మందాన్ని తగ్గించదు. దాని మీదే పనిచేసే సిరోలిమస్‌కి అమెరికా ఎఫ్‌డీఏ 2025 మార్చిలో షరతులతో అనుమతిచ్చింది. వారానికోసారి, అదీ ఇంకా లక్షణాలు కనపడని పిల్లులకే.

ఇంట్లో మీ పని: పిల్లి నిద్రపోతుంటే ఫోన్‌లో టైమర్ పెట్టి ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటుతుంటే వెంటనే వెట్‌కి కాల్ చేయండి.