అటకెక్కిన మందే... ఆఖరి అస్త్రం!

ఇంట్లోకి మిక్సీ రాగానే రోలు పెరట్లోకి వెళ్లిపోతుంది. మళ్లీ కరెంటు పోయినప్పుడే అది గుర్తొచ్చేది. కొలిస్టిన్‌ అనే యాంటీబయోటిక్‌ కథా అచ్చం అలాంటిదే!

జపాన్‌ శాస్త్రవేత్తలు 1940ల చివర్లో ఓ బ్యాక్టీరియా నుంచి ఈ మందును వేరుచేశారు. 1950ల్లో వాడకంలోకి వచ్చింది. సబ్బు జిడ్డును విడగొట్టినట్టు హానికర బ్యాక్టీరియా పైపొరను చెదరగొట్టి చంపేయడం దీని ప్రత్యేకత. చిక్కల్లా ఒక్కటే. కొందరిలో మూత్రపిండాలూ నరాలూ దెబ్బతినేవి. ఇంతకన్నా సురక్షితమైన మందులు రావడంతో 1980ల నాటికి డాక్టర్లు దీన్ని దాదాపు పక్కన పెట్టేశారు.

తర్వాత సీన్‌ మారింది. యాంటీబయోటిక్స్‌ను అవసరం ఉన్నా లేకున్నా వాడేయడంతో బ్యాక్టీరియా మొండికేసింది. ఐసీయూల్లో ప్రాణాలు తీసే క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్‌ లాంటివి ఎంతో శక్తిమంతమైన కార్బపెనెమ్‌ మందులకూ లొంగడం మానేశాయి. వైద్యులు అటక మీది కొలిస్టిన్‌ను మళ్లీ కిందికి దించారు. రోగుల్లో దశాబ్దాలపాటు పెద్దగా వాడకపోవడమే దానికి కలిసొచ్చింది. చాలా బ్యాక్టీరియాకు దాన్ని తట్టుకునే విద్య తెలియదు!

ఇలా తిరిగొచ్చింది కొలిస్టిన్‌ ఒక్కటే కాదు. 1950ల నాటి నైట్రోఫ్యురాంటాయిన్‌, 1969లో స్పెయిన్‌లో కనుగొన్న ఫాస్ఫోమైసిన్‌ కూడా ఇప్పుడు మూత్రాశయ ఇన్‌ఫెక్షన్లకు బాగా అక్కరకొస్తున్నాయి.

అయితే, ఆసుపత్రులు పక్కన పెట్టిన కొలిస్టిన్‌ను పశువుల పెంపకందారులు వదల్లేదు. జబ్బులు రాకుండా, త్వరగా బరువు పెరిగేలా పందులకూ కోళ్లకూ దాణాలో కలిపి పెట్టారు. ఫలితం... కొలిస్టిన్‌ను తట్టుకునే ఎంసీఆర్‌-1 అనే జన్యువును చైనాలో గుర్తించినట్లు 2015లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది పందుల్లోనూ, మాంసంలోనూ, ఆసుపత్రుల్లోని రోగుల్లోనూ కనిపించింది. పైగా ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి సులువుగా పాకిపోతుంది. దాంతో ఎన్నో దేశాలు మేల్కొన్నాయి. కోళ్లు, చేపలు, రొయ్యలు సహా ఆహారం కోసం పెంచే జీవాలకు కొలిస్టిన్‌ వాడకాన్ని మనదేశం 2019 జులైలో నిషేధించింది.

ఈమధ్య కొన్ని కొత్త మందులు వచ్చిన మాట నిజమే. కానీ వాటి ఖరీదు ఎక్కువ, అన్ని మొండి బ్యాక్టీరియాల మీదా పనిచేయవు. కాబట్టి ఉన్నవాటిని కాపాడుకోవాల్సిందే. అందులో మన వంతూ ఉంది. జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి. వాటికి యాంటీబయోటిక్స్‌ పనిచేయవు. స్ట్రిప్‌ మీద ఎర్రగీత ఉందంటే డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని అర్థం. పోయినసారి మిగిలిన మాత్రలు వేసుకోవడం, పక్కింటివాళ్లకు ఇవ్వడం అసలే వద్దు.

రోలు అరిగిపోతే గంటు కొట్టించుకోవచ్చు. మందు పదును పోతే మాత్రం... మళ్లీ అటక మీద వెతకడానికి ఇంకేమీ మిగలదు!