పాత కారుకు పొగ పరీక్ష తప్పదా? కాలిఫోర్నియాలో వివాదం ఏమిటి?

కాలిఫోర్నియాలో మీ పెట్రోలు కారు 1975 లేదా అంతకుముందు మోడల్ అయితే పొగ పరీక్ష అక్కర్లేదు. 1976 మోడల్ అయితే చాలా ప్రాంతాల్లో రెండేళ్లకోసారి తప్పదు. ఒకప్పుడు 30 ఏళ్లు నిండిన ప్రతి కారుకూ మినహాయింపు వచ్చేది. 2004లో చేసిన చట్టం దాన్ని 1975 మోడళ్ల దగ్గరే ఆపేసింది.

యజమానుల బాధ: విడిభాగాలు దొరకవు, పాత కార్లను పరీక్షించే కేంద్రాలు తక్కువ, బండి రోడ్డెక్కేదే అరుదు. అవతలి వాదన: మైలుకు పాత ఇంజిన్ వదిలే కాలుష్యం కొత్తదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

35 ఏళ్లు దాటిన కలెక్టర్ కార్లకు మినహాయింపు కోరిన ఎస్‌బీ 712 బిల్లుకు టీవీ వ్యాఖ్యాత జే లెనో మద్దతిచ్చినా, 2025 ఆగస్టులో అసెంబ్లీ కమిటీలోనే ఆగిపోయింది. కాబట్టి అక్కడ 1976 తర్వాతి పాత కారు కొంటే ముందు పొగ పరీక్ష సర్టిఫికెట్ అడగండి. అది ఇవ్వాల్సిన బాధ్యత అమ్మేవారిదే.