బెంగళూరులో ఎగిరిన ఏడు సిలిండర్లు

బాగేపల్లి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరు వెళ్ళేవాళ్ళకు యలహంక వైమానిక స్థావరం తెలుసు. ఏరో ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు జెట్ల విన్యాసాలకు అక్కడ జనం కిటకిటలాడతారు. అయితే బెంగళూరు గడ్డ మీద విమానాల తయారీకి శ్రీకారం చుట్టింది మాత్రం గాలికే చల్లబడే ఓ చిన్న రేడియల్ ఇంజిన్.

చిక్కబళ్ళాపురం పక్కనే ఉన్న ముద్దేనహళ్ళి సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. వాళ్ళ పూర్వీకులు తెలుగు నేలలోని మోక్షగుండం నుంచి వచ్చినవారు. దేశంలో మోటారు కార్ల కర్మాగారం ఉండాలని 1930లలో ఆయన ప్రణాళిక వేశారు. ఆ ప్రయత్నంలో ఉన్న పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ 1939లో అమెరికా ప్రయాణం పెట్టుకోగా, దారిలో విమానాల వ్యాపారి విలియం పాలీ పరిచయమయ్యాడు. దాంతో ఆలోచన ఆకాశం వైపు మళ్ళింది. దివాన్ మీర్జా ఇస్మాయిల్ చొరవతో మైసూరు సంస్థానం 700 ఎకరాలు, 25 లక్షల రూపాయలు ఇచ్చింది. 1940 డిసెంబరు 23న ఇప్పటి హెచ్‌ఏఎల్‌కు మూలమైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఏర్పడింది.

మరుసటి ఏడాదే అక్కడ కూర్చిన తొలి విమానం, హార్లో ట్రైనర్, ఎగిరింది. కాలిఫోర్నియాలోని పాసడీనా జూనియర్ కాలేజీ అధ్యాపకుడు మాక్స్ హార్లో విద్యార్థుల చేత కట్టించిన విమానం దీనికి మూలం. ఒక తరగతి గది పని మన దేశపు తొలి విమాన కర్మాగారానికి తొలి పని అయింది!

ఆ ట్రైనర్ ముక్కున ఉన్నది డెట్రాయిట్‌లో తయారైన వార్నర్ సూపర్ స్కారబ్ ఇంజిన్. 1920ల చివర్లో వచ్చిన మొదటి స్కారబ్‌కు 110 అశ్వశక్తి. సిలిండరు లోపలి వ్యాసం, పిస్టన్ నడక రెండూ 108 మిల్లీమీటర్లే. బండి చక్రం ఆకుల్లా ఏడు సిలిండర్లు నడుమ క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ నిలుస్తాయి. నీళ్ళు, రేడియేటరు అక్కర్లేదు. సిలిండర్ల చుట్టూ ఉన్న పలుచని లోహపు రెక్కలే వేడిని గాలికి వదిలేస్తాయి. బరువు తగ్గుతుంది, నీళ్ళు కారే బెడద ఉండదు. పేలే వరుస 1, 3, 5, 7, 2, 4, 6. ఒకటి విడిచి ఒకటి పేలుతూ రెండు చుట్లలో ఏడూ పూర్తవుతాయి. సంఖ్య బేసి కాబట్టే ఆ లయ తప్పదు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అడుగు సిలిండర్లలోకి నూనె దిగుతుంది. అందుకే స్టార్ట్ చేసే ముందు మెకానిక్కులు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చూసుకుంటారు.

పదేళ్ళకు, 1951లో, అదే సంస్థలో ఇంజినీరు ఘాటగే బృందం సొంతంగా రూపొందించిన శిక్షణ విమానం హెచ్‌టీ-2 ఎగిరింది. దాని ఇంజినూ గాలికి చల్లబడేదే కానీ, నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో తలకిందులుగా ఉంటాయి. ఆ విమానాన్ని బెంగళూరు పాత విమానాశ్రయం రోడ్డులో 2001లో తెరిచిన హెచ్‌ఏఎల్ మ్యూజియంలో చూడొచ్చు. చింతామణి వాళ్ళు హొసకోటె, కె.ఆర్.పురం మీదుగా మారతహళ్ళి వైపు వస్తే దగ్గర. వేళలు ముందే కనుక్కుని, పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. ఇంజిన్ల గది దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి.