సెంటుకు పరీక్ష పెట్టే గడియారం

ఒకనాడు తొమ్మిదో తరగతిలో ఒక విద్యార్థి చిన్న సీసా తెచ్చి నా బల్లమీద పెట్టాడు. విదేశంలో ఉన్న మేనమామ పంపిన సెంటట. "దీని ధర విని మా అమ్మ గుండె గుభేలుమంది మాస్టారూ! అంత విలువ చేస్తుందా?" అని అడిగాడు. సీసామీద ‘కోరమాండల్’ అని ఉంది. "అది రైలు పేరు కదండీ!" అన్నారు వెనక బెంచీవాళ్లు.

రైలుకు మన తూర్పు తీరం పేరే పెట్టారు. పూర్వం చైనాలో చేసిన లక్క పూత తెరలు ఈ తీరపు రేవుల మీదుగా ఐరోపా చేరేవి. అందుచేత వాటికి కోరమాండల్ తెరలని పేరు వచ్చింది. ఆ తెరల పేరునే షానెల్ సంస్థ 2007లో ఈ సెంటుకు పెట్టింది. ఇందులో ముఖ్యమైన వాసన పచౌలీది.

పచౌలీ తులసి కుటుంబానికి చెందిన మొక్క. శాస్త్రీయ నామం పోగోస్టెమాన్ కాబ్లిన్. నేడు పచౌలీ నూనెలో అధిక భాగం ఇండోనీషియా నుంచి వస్తున్నది. ఎండిన ఆకుల గుండా నీటి ఆవిరిని పంపి, దానితో వచ్చే నూనెను చల్లార్చి వేరుచేస్తారు. ఇదే ఆవిరి స్వేదనం. తడిసిన మట్టి, పాత చెక్కపెట్టె, కాస్త కర్పూరం - ఈ మూడు వాసనలూ కలిపి ఊహించుకోండి. పచౌలీ వాసన ఇంచుమించు అలాగే ఉంటుంది.

ఈ వాసనను నమ్మి మోసపోయినవారున్నారు. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువలను ఓడల్లో ఐరోపాకు పంపేటప్పుడు, చిమ్మెటలు పాడుచేయకుండా మడతల్లో పచౌలీ ఆకులు ఉంచేవారు. క్రమంగా ఆ వాసనే అసలు శాలువకు గుర్తయింది. అది గ్రహించిన అక్కడి వ్యాపారులు ఆకులు తెప్పించి, తమ నకలు శాలువలకు ఆ వాసన పట్టించి అమ్మారు! వాసన అసలుదే, శాలువే నకలు.

కాబట్టి ఒక్కసారి మూత తీసి చూస్తే చాలదు. సెంటు అనేక పదార్థాలు ఆల్కహాలులో కలిసిన మిశ్రమం. నారింజ తొక్కలోని లిమొనీన్ అణువులో 10 కార్బన్, 16 హైడ్రోజన్ పరమాణువులుంటాయి. అణుభారం 136. పచౌలీ నూనెలో ముఖ్యమైన పచౌలాల్ అణువులో 15 కార్బన్, 26 హైడ్రోజన్, 1 ఆక్సిజన్. అణుభారం ఎంతో మీరే లెక్కకట్టండి. 222 వచ్చిందా? అణుభారం ఒక్కటే కారణం కాకపోయినా, సాధారణంగా తేలిక అణువు త్వరగా ఎగిరిపోతుంది, బరువైనది నెమ్మదిగా ఆవిరవుతుంది. అందుకే సెంటు వాసన గంటగంటకూ మారుతుంది.

మేము రెండు వడపోత కాగితపు పట్టీలు తీసుకున్నాం. ఒకదానిమీద ఆ సెంటు, మరొకదానిమీద బజారులో కొన్న చవక సెంటు ఒక్కొక్క చుక్క వేశాం. పేర్లు దాచి ‘అ’, ‘ఆ’ అని రాశాం. వెంటవెంటనే వాసన చూస్తే ముక్కు మొద్దుబారుతుంది కనుక మధ్యమధ్య ఆగాం. మొదటి నిమిషంలో ఎక్కువ మంది ‘ఆ’ బాగుందన్నారు. మర్నాటి ఉదయానికి ‘ఆ’ వట్టి కాగితం. ‘అ’ మీద పచౌలీ ఇంకా మృదువుగా ఉంది.

అయితే ‘అ’ గొప్పదని తేలినట్లేనా? తొందరపడకండి. ఎక్కువసేపు నిలవడం పచౌలీ స్వభావం. చవక పచౌలీ నూనె కూడా నిలుస్తుంది. నూనెలో ఏమేమి ఎంత ఉన్నాయో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ అనే పరికరం చెప్పగలదు. ఏది ఇష్టమో మాత్రం ఎవరి ముక్కు వారిదే. ధరలో సీసా, ప్రకటనలు, పేరు కూడా కలిసి ఉంటాయి.

చివరికి ఏది ఏదో చెప్పాను. వెంటనే ముగ్గురు లేచి, మొదటి నిమిషంలో వేసిన ఓటు మార్చుకుంటామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆనాడు శాలువలు కొన్నవారు వాసన చూసి బట్టను నమ్మారు. వీళ్లు ధర విని వాసనను నమ్మబోయారు. శాస్త్రజ్ఞులు పేర్లు దాచి పరీక్షించేది ఇందుకే.

మీరూ ఇంట్లో రెండు సెంట్లతో చేసి చూడండి. దీపానికి, పొయ్యికి దూరంగా సుమా! ఆల్కహాలు చటుక్కున అంటుకుంటుంది.