సొరుగులలో జనాభా

పరుల వివరములను ప్రోగుచేయువాడు సాధారణముగా దుర్మార్గుడు కాడు. లెక్క తప్పరాదని తాపత్రయపడు ఉద్యోగియే అయి యుండును. నెదర్లాండ్సు దేశమున జనాభా పట్టికల తనిఖీ శాఖకు అధిపతియైన జాకబ్ లెంట్జ్ అట్టివాడు. అతని పూనికచే 1936 మొదలుకొని మనిషికొక కార్డు చొప్పున పుట్టుక, పెండ్లి, చిరునామా, మతము సర్వమును ఒక్కచోటికి చేరినవి. మతమేదని అడిగిన గుమాస్తాకు గాని, చెప్పిన పౌరునకు గాని ఆనాడు అందు కీడు తోచి యుండదు.

1940 మే నెలలో జర్మనులు ఆ దేశము నాక్రమించిరి. సొరుగులవే, కార్డులవే, తాళపుచెవులు మాత్రము చేతులు మారినవి. మరుసటి జనవరిలో యూదులెల్లరు పేర్లు నమోదు చేయించుకొనవలెనని ఆజ్ఞ వెలువడగా, తప్పించుకొనజూచినవాని గుట్టు పాత కార్డే బయటపెట్టగలిగెను. సుమారు 1,40,000 మంది యూదులలో లక్షకు పైగా హతులైరి. కారణములు పెక్కు గలవు గాని, అంత పొందికగా కూర్చిన పట్టికలకు ఇందు పాలు లేదనుట కష్టము.

1943 మార్చి 27 రాత్రి చిత్రకారుడు విల్లెం అరొండేయస్, శిల్పి ఖెరిట్ ఫాన్ డెర్ ఫేన్ ప్రభృతులు పోలీసు దుస్తులతో ఆమ్‌స్టర్‌డాం పట్టికల కార్యాలయమున జొరబడి, కావలివారికి మత్తుమందిచ్చి బయటికి చేర్చి, సొరుగులు లాగి కార్డులను నేలపై గుట్టలు పోసి నిప్పుపెట్టిరి. ఆర్పవచ్చినవారు సైతము కార్డులు మరింత పాడగునట్లు నీరు కుమ్మరించిరని చెప్పుదురు. ఇంతకును నశించినవి నూటికి సుమారు 15 వంతులు. ఆ జూలైలో ఆ దాడికి సంబంధించిన 12 మందిని జర్మనులు కాల్చి చంపిరి.

కనుక సేకరించువాని మంచితనమును విచారించుట చాలదు; పని తీరిన పిదప ఆ వివరము ఏల యుండవలెనని అడుగవలెను. అపార్టుమెంటు గేటు వద్ద పేరు, ఫోను నంబరు వ్రాయించుకొను పుస్తకమునే చూడుడు: వెనుక వచ్చినవాడు ముందువారి నంబర్లన్నియు తీరికగా చదువుకొనవచ్చును, నిండిన పుస్తకము ఏ మూలకు పోవునో వాచ్‌మన్‌కే తెలియదు.

మన సుప్రీంకోర్టు 2018లో ఆధార్ తీర్పునందు, ధ్రువీకరణ లావాదేవీల చిట్టాను అయిదేండ్లుంచు నిబంధనను త్రోసిపుచ్చి, ఆరు నెలలకు మించరాదనెను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము సైతము, ప్రయోజనము తీరినంతనే వివరములను తుడిచివేయుమని కంపెనీలను శాసించుచున్నది. ఆ చట్టమున నాకు మింగుడుపడనిది 17వ సెక్షను: తుడిచివేయవలసిన ఆ విధి ప్రభుత్వమునకు వర్తింపదట.