ఊరికే వచ్చిన ఉత్తరాల పెట్టెకు మరమ్మతు ఖర్చు ఎవరిది?

ఈ రోజుల్లో మనలో చాలామందికి మెయిలు అంటే సెల్‌ఫోనులో ఒక బొమ్మ నొక్కితే కనిపించే ఉత్తరాల వరుస. ఆ ఉత్తరాలు నిజానికి మన దగ్గర ఉండవు. ఎక్కడో ఒక పెద్ద కంపెనీ యంత్రాల్లో ఉంటాయి. మనం నొక్కినప్పుడల్లా అక్కడినుంచి మనకు చూపిస్తారు. ఇది కాక రెండో పద్ధతి ఒకటుంది. ఉత్తరాలన్నిటినీ మన కంప్యూటరులోకే దించి, మన డిస్కులోనే భద్రపరచి, వెతికిపెట్టే ప్రోగ్రాము ఒకటి ఇంట్లోనో ఆఫీసులోనో పెట్టుకోవటం. అలాంటివాటిలో పేరున్నది థండర్‌బర్డ్. ఇది ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. అంటే దాన్ని ఎలా రాశారో ఆ రాత మొత్తం బాహాటంగా ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు, పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు.

ఎవరు వాడతారయ్యా ఇంకా దీన్ని అంటారా? మా కొత్తపట్నం చుట్టూ రొయ్యల చెరువులున్న సంగతి మీకు తెలుసు. ఒంగోలులో ఒక ఎగుమతి ఆఫీసులో మా బాబాయి లెక్కలు చూస్తాడు. పన్నెండేళ్ల ఉత్తరాలు ఆయన కంప్యూటరులో ఉన్నాయి. ఏ సరుకు ఏ ఓడలో ఎక్కింది, లాబొరేటరీ రిపోర్టు ఏమని వచ్చింది, కొన్నవాడు ఏ రేటుకు ఒప్పుకుని తరవాత ఏమని మాట మార్చాడు, అన్నీ అందులోనే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఆఫీసులో నెట్టు పోయింది. కొత్త ఉత్తరాలు రాలేదుగాని పాతవన్నీ జనరేటరు మీద తెరిచి చూసుకున్నారు. ఉత్తరం మన డిస్కులో ఉంటే కలిగే సౌకర్యం అది. ఆ ప్రోగ్రాము తెరమీద ఒకసారి 'విరాళం ఇవ్వండి' అన్న విన్నపం కనిపిస్తే బాబాయి నన్ను పిలిచి, "ఊరికే వచ్చిందిగదరా, మళ్లీ డబ్బులేందిరా?" అన్నాడు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబే.

థండర్‌బర్డ్ మొదటి పూర్తి ప్రతి 2004 డిసెంబరులో వెలువడింది. దాని కన్న సంస్థ మొజిల్లా. అంతకు నెల ముందే అదే సంస్థ ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజరును విడుదల చేసింది. ఒక తల్లి పిల్లలే అయినా ఇద్దరి జాతకాలు వేరు. బ్రౌజరులో మనం ఏదైనా వెతికితే ఆ వెతుకులాట గూగుల్ వంటి కంపెనీకి చేరుతుంది. అలా చేర్చినందుకు కంపెనీ బ్రౌజరువాళ్లకు సొమ్ము ముట్టజెబుతుంది. మొజిల్లా రాబడిలో అధికభాగం ఇదే. మరి ఉత్తరాలు చదివేవాడు ఏం వెతుకుతాడు? తన పాత ఉత్తరాలే వెతుక్కుంటాడు. దానికి ఎవరూ కమీషన్ ఇవ్వరు. కనుక ఇంట్లో ఒకడు సంపాదిస్తున్నాడు, ఇంకొకడు ఊరందరి పనీ చేస్తున్నాడుగాని జీతం లేదు. అలాంటివాడికి ఇంట్లో ఏ మర్యాద జరుగుతుందో చెప్పనక్కరలేదు.

2007లో మొజిల్లా అధినేత్రి మిచెల్ బేకర్, మా శక్తి అంతా ఫైర్‌ఫాక్స్ మీద పెడతాం, థండర్‌బర్డ్‌కు వేరే ఏర్పాటు చూడాలి అని ప్రకటించారు. ముప్పై లక్షల డాలర్ల మూలధనంతో మొజిల్లా మెసేజింగ్ అనే వేరు కాపురం పెట్టించారు. 2011లో దాన్ని మళ్లీ ఉమ్మడిలో కలిపేశారు. 2012లో ఇకమీదట కొత్త హంగులు ఉండవు, చిల్లులు పూడ్చటం మటుకే మేం చూస్తాం, మిగతాది స్వచ్ఛందంగా పనిచేసేవారే చూసుకోవాలన్నారు. 2015 చివర ఆ కాస్త బంధమూ తెంచుకోవాలన్న మాట వచ్చింది. అప్పటికి రోజూ దాన్ని తెరిచే కంప్యూటర్లు తొంభై లక్షల పైచిలుకు! ఇంత వాడకమున్న వస్తువు ఇలా దిక్కులేనిది కావటం నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

నమ్మవలసిన కారణం మా ఊరి పక్కనే ఉంది. బకింగ్‌హాం కాలువ మీద ఒకప్పుడు ఉప్పు, కట్టెలు మోసే పడవలు నడిచేవి. రైళ్లు, లారీలు వచ్చి రాబడి తగ్గాక పూడిక తీసే శ్రద్ధ తగ్గింది. 1965-66 ప్రాంతపు తుపాను దెబ్బకు కాలువ బాగా చెడింది. తవ్వించటానికి ఒకసారి పెట్టే ఖర్చుకు పేరుంటుంది, శిలాఫలకం ఉంటుంది. ఏటేటా పూడిక తీయించినవాడికి ఫలకం ఎవరూ వేయరు.

ప్రోగ్రాముకు పూడికేమిటి, అదేమన్నా తుప్పు పడుతుందా అని అడగవచ్చు. దాని రాత తుప్పు పట్టదు. దాని చుట్టూ ఉన్న లోకం మారుతుంది. మూడు సంగతులు చెబుతాను. థండర్‌బర్డ్ లోపలి యంత్రం ఫైర్‌ఫాక్స్‌దే. బ్రౌజరు అవసరం కోసం వాళ్లు ఆ యంత్రాన్ని మార్చినప్పుడల్లా, ఉత్తరాల ప్రోగ్రాము ఆగిపోకుండా ఇక్కడ ఎవరో కూర్చుని సర్దుబాటు చేయాలి. రెండోది, 2018 మే నెలలో జర్మనీ, బెల్జియం పరిశోధకులు 'ఈఫెయిల్' అనే లోపాన్ని బయటపెట్టారు. రహస్య లిపిలో పంపిన ఉత్తరాన్ని కూడా, కొన్ని పరిస్థితుల్లో, తెరిచినవాడి యంత్రమే పరాయివాడికి చేరవేసే ప్రమాదమది. అలాంటిది బయటపడ్డాక తీరిక చూసుకుని దిద్దుతామంటే కుదరదు. మూడోది మనకు బాగా తగిలేది. 2022 మే 30 నుంచి జీమెయిలు, ఉట్టి పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వచ్చే పాత పద్ధతిని మూసేసింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ కూడా తన ఆఫీసు ఖాతాలకు అదే పని మొదలుపెట్టింది. కొత్త పద్ధతి తెలియని ప్రోగ్రాములన్నీ గుమ్మం బయటే నిలబడ్డాయి. థండర్‌బర్డ్‌కు అప్పటికే ఆ పద్ధతి నేర్పి ఉంచారు కాబట్టి మా బాబాయి పని ఆగలేదు. నేర్పినవారెవరో ఆయనకు తెలియదు.

దిద్దేవాళ్లు లేకపోతే ఏమౌతుందో యుడోరా చరిత్ర చెబుతుంది. 1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డార్నర్ దాన్ని రాశాడు. ఒకప్పుడు లక్షలమంది ఇష్టంగా వాడారు. తరవాత క్వాల్‌కాం కంపెనీ చేతికి వచ్చింది. 2006లో కంపెనీ దాన్ని వదిలేసింది. 2018లో కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం దాని రాతను బయటపెట్టింది. బయటపడటం మంచిదేగాని, అప్పటికి అది మ్యూజియంలో వస్తువైపోయింది. ఇదే పనిలో న్యూజిలాండులో డేవిడ్ హారిస్ అనే ఒక్క మనిషి పెగాసస్ మెయిలును 1990 నుంచి నడుపుకొస్తున్నాడు. 2007లో నిధుల్లేక ఆపేస్తున్నానన్నాడు. వాడేవాళ్లు ముందుకొచ్చారు, మళ్లీ సాగింది.

థండర్‌బర్డ్ కూడా అలాగే బతికింది. దాన్ని దిద్దే స్వచ్ఛంద సేవకులు తమలోంచి ఒక మండలిని ఎన్నుకుని, వాడేవారిని చందా అడగటం మొదలుపెట్టారు. 2017లో మొజిల్లా ఫౌండేషన్ నీడలోనే ఉండవచ్చని ఒప్పందం కుదిరింది. 2020 జనవరిలో ఫౌండేషన్ కింద దీనికోసం ఒక ప్రత్యేక కంపెనీ ఏర్పడింది. 2021లో వచ్చిన విరాళాలు సుమారు 28 లక్షల డాలర్లు. 2022లో ప్రోగ్రాము తెరమీదనే సూటిగా అడిగేసరికి 64 లక్షలైంది. 2023లో 86 లక్షలు. ఇందులో పెద్దభాగం జీతాలకు పోతుంది. పోవలసిందే కూడా. 2023లో పాత రూపాన్ని చాలావరకు తిరగరాసి 'సూపర్‌నోవా' పేరుతో తెచ్చారు. కె-9 మెయిలు అనే మరో స్వచ్ఛంద ప్రోగ్రామును తమలో కలుపుకుని 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడా థండర్‌బర్డ్ ఇచ్చారు.

వాడేవారిలో ఇచ్చేవారు బహు కొద్దిమంది. వాళ్లకు ఒక ఏడు చేయి ఆడకపోతే ఇంజనీర్ల జీతం ఆగుతుంది. అందుకే కాబోలు 2025లో డబ్బు తీసుకుని మెయిలు ఖాతాలిచ్చే సేవలు కూడా పెడతామని ప్రకటించారు. నా ఉద్దేశంలో అది తప్పేమీ కాదు, ఉచిత ప్రోగ్రాము ఉచితంగానే ఉన్నంతకాలం.

మనవాళ్లకు ఈ రకం పని కొత్త కాదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే తెలుగు అక్షరాలను తయారుచేసి లోకానికి ఉచితంగా ఇచ్చారు. హైదరాబాదులో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టి కంప్యూటరుకు తెలుగు మాటలు నేర్పింది. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికల్ని చెదలకు దక్కకుండా కాపాడుతోంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు దుమ్ము దులపబట్టే కదా మనం వెళ్లి చదవగలుగుతున్నాం.

డబ్బివ్వలేని విద్యార్థి ఏం చేయగలడంటే, కొంత చేయగలడు. ప్రోగ్రాములో తప్పు కనిపిస్తే విసుక్కుని ఊరుకోకుండా, ఏ ప్రతి, ఏ కంప్యూటరు, ఏ వరుసలో ఏమేం నొక్కితే తప్పు వచ్చింది, ఏం జరగవలసింది, ఏం జరిగింది అని నాలుగు ముక్కలు రాసి పంపాలి. ఇంగ్లీషు వంకరగా ఉన్నా ఫరవాలేదు. తెలుగు ఉత్తరంలో ఒత్తులు విడిపోవటం, శీర్షిక చెదరటం వంటివి అమెరికాలో కూర్చున్నవాడికి కనపడవు, మనకే కనపడతాయి. ఇక చందా సంగతి. మా బాబాయి అంతా విని, "నెలకు ఒక టీ ఖర్చా?" అని అడిగాడు. అంతకన్నా తక్కువైనా తీసుకుంటారని చెప్పాను. ఆఫీసు ఖాతాలో రాయాలా, సొంతంగా ఇవ్వాలా అని ఇంకా ఆలోచిస్తున్నాడు.