లేసరు పట్టిన చేయి ఎవ్వరిది?

శస్త్ర మెంత పదునైనదో దానిని పట్టు చేతికి అంత శిక్షణ కావలయును. ఈ మాటను కాదనువారు లేరు. అయినను నేఁడు మన పట్టణములలో, వెలుఁగే రూపముగాఁ గల శస్త్రమొకటి సౌందర్యచికిత్స పేరఁ బలుచోట్ల శిక్షణ లేని చేతులలోఁ బడుచున్నది. అదియే లేసరు.

1960 లో అమెరికాలో మైమన్ పండితుఁడు తొలి లేసరును వెలిగించెను. 1983 లో ఆండర్సన్, పారిష్ అను వైద్యులు, వెలుఁగు తరంగమును, అది తగులు కాలమును సరిగా నెన్నుకొన్నచో చుట్టుప్రక్కల హాని లేకుండఁ గోరిన భాగమును మాత్రమే వేఁడి చేసి నశింపఁజేయవచ్చునని చూపిరి. రోమములను తొలఁగించు లేసరు చేయు పని యిదియే. వెండ్రుక మొదటనున్న నల్లని వర్ణద్రవ్యము వెలుఁగును మ్రింగి వేఁడెక్కి మూలమును చంపును. కాని ఆ వర్ణద్రవ్యమే మన చర్మమునందును సమృద్ధిగాఁ గలదు. తెల్లని మేనికి సరిపడు కొలత మన చామనచాయకు సరిపడదు. కొలత తప్పినచో బొబ్బలు లేచును. నల్లమచ్చలో తెల్లమచ్చలో మిగులును. కన్నులకుఁ గాపు లేనిచోఁ జూపునకే ముప్పు. పుట్టుమచ్చ యనుకొన్నది క్యాన్సరైనచో, పైపైఁ గాల్చుటచే రోగము మఱుగుపడి లోలోపలఁ బెరుగవచ్చును. మీట నొక్కుట సులభమే. ఎవరికి, ఎంత, అసలు వలయునా వలదా యని నిర్ణయించుట మాత్రము వైద్యము.

భూపాలపల్లి జిల్లాలోని టేకుమట్లకు దీనితోఁ బని యేమని పాఠకులడుగవచ్చును. పని రెండు విధములఁ గలదు. పెండ్లి కుదిరిన పిల్ల మొగము నునుపు కావలెనని హనుమకొండకో హైదరాబాదుకో పోవును. ఇంటరు చదివిన మఱియొక పిల్ల ఆ చికిత్సాలయముననే సహాయకురాలిగాఁ గొలువు కుదురును. కొన్నాళ్లు ప్రక్కన నిలిచి చూచినదే శిక్షణ యనిపించుకొని, యజమాని యామె చేతికి యంత్రము నిచ్చును. కాలినది యొక పల్లెపిల్ల మొగము. కాల్చినది మఱియొక పల్లెపిల్ల చేయి. లాభము పొందినవాఁడు ఆ గదిలో నుండఁడు.

మన పల్లెలలో ఆర్.ఎం.పి. యను మూఁడక్షరములు అందఱకుఁ బరిచితములే. చట్టమున ఆ యక్షరములకు నమోదైన వైద్యుఁడని యర్థము. వాడుకలోనో, నమోదు కాని వైద్యునికే ఆ పేరు నిలిచినది. అర్ధరాత్రమున జ్వరము వచ్చినప్పుడు తలుపు తీసిన ఆ మనుష్యుని మేము నిందింపము. ఆపద కొంత క్షమార్హము. కాని సౌందర్యమునకు ఆపత్సమయము లేదు. వైద్యుఁడు దొరకువఱకు వేచియుండుటచే నెవరికిని ప్రాణభయము లేదు. కావున ఇచట నియమమును సడలించుటకు సాకు లేదు.

చట్టము మౌనముగా లేదు. 1996 లో పూనమ్ వర్మ కేసున సుప్రీంకోర్టు, ఒక వైద్యపద్ధతిని నేర్వక ఆ పద్ధతిలో వైద్యము చేయువాఁడు నకిలీ వైద్యుఁడే యని తేల్చెను. 2019 నాఁటి జాతీయ వైద్య కమిషను చట్టపు 34వ సెక్షను, అర్హత లేక వైద్యము చేయువారికి ఏడాది వఱకు ఖైదు గాని, 5 లక్షల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధించుచున్నది. 2022 లో ఆ కమిషనే సౌందర్య శస్త్రచికిత్సలను గూర్చి చెప్పుచు, యూట్యూబులోఁ జూచినది చాలిన శిక్షణ కాదని హెచ్చరించెను. శిక్ష కలదు. సహాయకులు శిక్షణ పొంది సక్రమముగాఁ బని చేయు మార్గమేది?

ఇతర దేశములు ఆ మార్గమును వ్రాసికొనుచున్నవి. కాలిఫోర్నియాలో సామాన్య వైద్యసహాయకులు లేసరును ముట్టరాదు. టెక్సాసులో రోమములు తొలఁగించువారికిఁ బ్రత్యేక ధ్రువపత్రము వలయును. ఇంగ్లండు 2022 నాఁటి చట్టముచే సౌందర్యచికిత్సలకు లైసెన్సు విధించు నధికారమును సంపాదించుకొన్నది. మనకును 2021 లో అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టము వచ్చినది. వైద్యసహాయకుల వృత్తియు అందుఁ జేరినది. మూఁడేండ్లకును అమలు సాగకుండుటచే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రమును రాష్ట్రములను తొందరపెట్టవలసి వచ్చెను. టేకుమట్ల మండలపు గర్మిళ్లపల్లి వద్ద మానేరుపై 2016 లో మొదలిడిన వంతెన పూర్తి కాకయే, 2024 ఏప్రిలులో గాలికి దాని దూలములు కూలినవి. సగము కట్టిన చట్టమును అట్టి వంతెనయే. దానిపై నెవ్వరును దాఁటఁజాలరు.

మేము కోరునది స్వల్పము. రోగిని చూచి కొలత నిర్ణయించువాఁడు అర్హుఁడైన వైద్యుఁడు కావలయును. చికిత్స ముగియువఱకు అతఁ డచటనే యుండవలయును. సహాయకుల పేరు, నమోదు సంఖ్య గోడమీఁదఁ దెలుఁగున వ్రాయవలయును. వాడిన యంత్రమును, కొలతను తెలుపు కాగితము రోగికి ముట్టవలయును. కీడు జరిగినచో మొదట బోనెక్కవలసినది యజమానియు వైద్యుఁడును గాని నెలజీతపు పిల్ల కాదు. 2023 లో భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్యకళాశాల తెఱవఁబడినది. వరంగల్లులోఁ గాకతీయ కళాశాల పూర్వమే కలదు. ఆ పిల్లకుఁ దగిన శిక్షణ నొసఁగుటకుఁ దావు లేదని ప్రభుత్వ మనఁజాలదు.

పాఠకులు మాత్రము ప్రభుత్వముకై వేచియుండనక్కఱలేదు. కుర్చీలోఁ గూర్చుండుటకు ముందే అడుగుఁడు: అయ్యా, డాక్టరెవరు? ఆయన యెచ్చట? ఈ ప్రశ్నకు జవాబు రానిచో లేచి రండు. మొగము మీది, అడుగు హక్కును మీదే.